ఖర్చుకు పరిమితి ఉన్నా ఎన్నికల్లో డబ్బు ఎందుకు ఆగదు?

తిరుపతిలో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలు మించకూడదని 2022 నుంచి నిబంధన ఉంది కదా, మరి ఎన్నికల్లో పారే ఈ డబ్బంతా ఎక్కడిదని ఒకరు నన్ను అడిగారు. ఆ పరిమితి అభ్యర్థికే. పార్టీ చేసే సాధారణ ప్రచారానికి పరిమితే లేదు. ఓటుకు పంచే నోటు 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం లంచం, కాబట్టి ఏ లెక్కలోనూ కనబడదు.

నన్ను ఎక్కువగా బాధించేది అంతకుముందే, టికెట్ దగ్గర జరిగే వడపోత. తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీలకు రిజర్వు చేసినవి. ఎస్సీ అభ్యర్థి నామినేషన్‌తో కట్టాల్సిన డిపాజిట్ 12,500 రూపాయలే. అయినా పాకాలలో కూలికి వెళ్లే దళిత మహిళ పోటీ చేయాలంటే ప్రచార ఖర్చు భరించే పెద్దమనిషి అండ కావాలి. గెలిచాక ఊరి మాట కంటే ముందు ఆయన మాటే వినాల్సి వస్తుంది.