షట్‌డౌన్ బటన్ నొక్కనివ్వడం లేదెందుకు?

యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీలో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ పెట్టుకున్నాక లాగౌట్ పనిచేస్తోంది గానీ షట్‌డౌన్, రీస్టార్ట్ బటన్లు మసకగా ఉన్నాయని అడిగారు. అనుమతి లేకపోవడమే కారణం. యూనిక్స్ పుట్టింది పదిమంది ఒకే మెషిన్ పంచుకున్న రోజుల్లో. ఎవరు పడితే వాళ్లు ఆపేస్తే మిగతావాళ్ల పని గంగలో కలిసేది.

రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయి, యూజర్లను, గ్రూపులను మార్చే పీడబ్ల్యూ కమాండ్‌తో మీ యూజర్‌ను మెషిన్ ఆపే అనుమతి ఉన్న ఆపరేటర్ గ్రూపులో చేర్చండి. టెర్మినల్లో షట్‌డౌన్ కమాండ్‌కు ఇది చాలు. బటన్లకు మాత్రం, ఎవరు ఏ పని చేయొచ్చో తేల్చే పోల్‌కిట్ కూడా ఒప్పుకోవాలి: దాని రూల్స్ ఫోల్డర్‌లో, ఆపరేటర్ గ్రూపుకు కన్సోల్‌కిట్ (లాగిన్ సెషన్లను చూసుకునే ప్రోగ్రామ్) స్టాప్, రీస్టార్ట్ చర్యలను అనుమతించే చిన్న ఫైల్ పెట్టండి. ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే డీబస్ సర్వీస్ నడుస్తుండాలి. లాగౌట్ అయి మళ్లీ వస్తేనే కొత్త గ్రూపు వర్తిస్తుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

అన్నట్టు, ఆపరేటర్ గ్రూపువాళ్లు డిస్కులను నేరుగా, అంటే ఫైళ్ల అనుమతులతో పనిలేకుండా, చదవగలరు కూడా. పిల్లల అకౌంట్లను నేనైతే అందులో చేర్చను.