బోసి మట్టిలోంచి ఎర్ర పూలు... తవ్వించాలా, ఉంచాలా?

ప్రశ్న: సంక్రాంతి వెళ్లాక జయనగర్‌లో ఒక పాత ఇండిపెండెంట్ హౌస్‌లోకి మారామండీ. ముందున్న కాస్త జాగా అప్పుడు ఎండిపోయి బోసిగా ఉంది, కొరియన్ గ్రాస్ వేయిద్దామని మాలికి చెప్పేశాం కూడా. తీరా ఉగాది ముందు చూస్తే కాంపౌండ్ వాల్ పక్కన, ఆకు అన్నదే లేకుండా లావుపాటి కాడలు లేచి ఒక్కోదానికి మూడు నాలుగు పెద్ద పెద్ద ఎర్ర పూలు! మాలి తవ్వి చూస్తే కింద ఉల్లిపాయల్లాంటి గడ్డలు. తీయించేద్దాం అంటారు మావారు, నాకేమో మనసొప్పట్లేదు. ఇంతకీ ఇవేం పూలు?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ మాలిని ఆపండి తల్లీ! మీరు చెప్పేదాన్ని బట్టి అవి హిప్పియాస్ట్రమ్ పూలు, నర్సరీలో అమరిల్లిస్ లిల్లీ అని అడిగితేనే ఇస్తారు. నీళ్లు లేకపోతే ఆకులు ఎండిపోయి గడ్డ లోపలే ఉండిపోతుంది, ఎండలు మొదలయ్యాక ముందు కాడ, పువ్వు వచ్చి ఆకులు తర్వాత వస్తాయి, అందుకే జనవరిలో మీకేం కనపడలేదు. పాత ఇళ్లలో ఇదొక్కటే ఉండటం తక్కువ, మ్యాంగో షవర్స్, అదే ఎండాకాలం వానలు పడనివ్వండి, మేలో ఫుట్‌బాల్ లిల్లీ లేచినా లేవచ్చు, సన్నాకుల రెయిన్ లిల్లీని మాత్రం గడ్డి అనుకుని పీకించేయకండి. ఏడాదంతా ఊళ్లో ఏదో ఒక చెట్టు పూస్తూనే ఉండాలని 1908లో బెంగళూరుకొచ్చిన జర్మన్ తోటల నిపుణుడు క్రుంబీగల్ లెక్కేసి మరీ చెట్లు వేయించాడంటారు, మీ పాత ఓనరూ ఆ బాపతే అయ్యుంటారు! అందుకే ఒక ఏడాది గడిచేదాకా ఏదీ తవ్వించొద్దు, పూసిన చోటల్లా ఒక పుల్ల గుచ్చి పెట్టుకోండి, మీవారికి కొరియన్ గ్రాసే కావాలంటే ఆ పుల్లలు లేని చోట వేయించుకోమనండి.

పూలు వాడాక కాడ మాత్రమే కోయండి, ఆకులు కోస్తే గడ్డకి బలం చాలక వచ్చే ఏడు పూయదు. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. గడ్డ విషం, తింటే వాంతులవుతాయి, ఇంట్లో కుక్క ఉంటే కాస్త జాగ్రత్త, తవ్వినవి వంటింటి వైపు అసలు తేవద్దు. వానాకాలంలో ఆకుల మీద నల్లగా చుక్కలతో ఉండే గొంగళి పురుగులు కనిపిస్తే మందు కొట్టక్కర్లేదు, పొద్దున్నే ఏరేసి సబ్బు నీళ్లలో పడేయండి, ఆకుల మొదట్లో కూడా చూడండి, ఎక్కువగా అక్కడే నక్కుతాయి.