నాన్నమ్మను పిల్లలు మరిచిపోకుండా ఉండాలంటే: పర్లాకిమిడి నుంచి ఒక అనుభవం

ఏడాది క్రితం కన్నుమూసిన అత్తగారిని పిల్లలు అప్పుడే మరిచిపోతున్నారనీ, ఆమె జ్ఞాపకాన్ని వారిలో ఎలా నిలపాలనీ మీరు అడిగారు. నేను 2016లో మా అమ్మను పోగొట్టుకున్నాను. గోడమీది ఫొటోకు దండ వేసి పిల్లల చేత దండం పెట్టించినంత మాత్రాన వారికి అందేది ఏమీ లేదని అప్పటినుంచి గట్టిగా నమ్ముతున్నాను. ఆమె తన నోటితోనో చేతితోనో వారికి నేర్పినది ఏదో ఒకటి ఉంటుంది. దానిని ఇంట్లో వాడుకలో ఉంచాలి. మా ఇంట్లో అది తెలుగు అక్షరం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి. అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా టెక్కలి. 1968లో ఆమె చిన్న రైలెక్కి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. ఇరుగుపొరుగు ఒడియావారు ఆమెను మావుసీ (పిన్ని) అని పిలిచేవారు, ఆమె కూడా వారితో తడుముకోకుండా ఒడియాలోనే మాట్లాడేది. బడిలో ఒడియా చదువుకునే మనవరాలికి తెలుగు నేర్పే పని మాత్రం ఎవరూ అప్పగించకుండానే తన మీద వేసుకుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊరి బడిలోనే పాఠాలు చెప్పారనీ, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారనీ ఆమె తరచుగా చెప్పేది. "పంతులుగారు వెళ్లిపోయారు గానీ, ఉండిపోయినవాళ్లం మనం చదువుకోవాలి కదా" అనేది.

రాజావారి కాలంలో, 1900లో మొదలైన ఆ చిన్న రైలు 2004లో బ్రాడ్‌గేజీ పనుల కోసం ఆగిపోయింది. ఆగిపోతుందని తెలిసి, ఆ వేసవిలో అమ్మ ఆరేళ్ల నా కూతురిని వెంటబెట్టుకుని, చివరిసారిగా అందులో టెక్కలికి బయలుదేరింది. వారికి తోడుగా నేనూ వెళ్లాను. రైలు ఎంత నెమ్మదిగా నడిచేదంటే, స్టేషన్ పలక మీది పేరును కూడబలుక్కుని చదవడానికి పిల్లకు కావలసినంత సమయం దొరికేది. పాతపట్నంలో పలక మీద తెలుగు కనబడగానే అమ్మ పిల్లను ఒళ్లోకి లాక్కుని, "చూడు తల్లీ, ఒడియా అక్షరం గొడుగు వేసుకుంటుంది, తెలుగు అక్షరం తలకట్టు పెట్టుకుంటుంది" అంది. పిల్ల చాలాసేపు చూసి, "మరి మొదటి పాకు తలకట్టు ఏదీ?" అని అడిగింది. "దీర్ఘం వచ్చింది కదా, దానికి చోటిచ్చి తలకట్టు తప్పుకుంది" అని అమ్మ జవాబు చెప్పింది. టెంబూరు దాటి టెక్కలి చేరేసరికి, ఆ పేరులో క్కకు తప్ప మరి దేనికీ తలకట్టు లేదని పిల్ల తనంతట తానే కనిపెట్టింది. అమ్మ సంతోషం పట్టలేక, పుట్టింటి గుమ్మంలో కాళ్లు కడుక్కోకముందే ఆ సంగతి అందరికీ చెప్పింది.

ఇక్కడ నా బాధ కూడా చెప్పుకోవాలి. సరిహద్దుకు అవతల ఉన్న మన బంధువులే మా తెలుగులో ఒడియా మాటలు దొర్లినప్పుడు నవ్వుతారు. ఆ నవ్వు భయంతోనే మా ఊరి పిల్లలు ఎందరో తెలుగు మాట్లాడడం మానేశారని నేను చెప్పగలను. అమ్మ దినకర్మనాడు కూడా, ఆమె మంచితనం గురించి పెద్దలు పొడుగాటి ప్రసంగాలు చేశారు గానీ, ఆమె ఎవరికి ఏమి నేర్పిందని అడిగినవారు ఒక్కరూ లేరు.

అందువల్ల మీ పిల్లలను కూర్చోబెట్టి, నాన్నమ్మ మీకు ఏమేం చూపించింది, ఏ పని ఎలా చేయమంది అని అడగండి. వారు చెప్పినది చిన్నదే అయినా, వారి మాటల్లోనే రాసి పెట్టండి.

మొన్న సంక్రాంతికి మేమందరం పెద్ద రైలులో టెక్కలి వెళ్లాం. అమ్మను ఎన్నడూ చూడని మా తమ్ముడి కొడుకు కిటికీ పక్కన కూర్చున్నాడు. పాతపట్నంలో బండి ఆగగానే నా కూతురు వాడి భుజం తట్టి, "ఆ మొదటి అక్షరానికి తలకట్టు ఎందుకు లేదో తెలుసా? మన నాన్నమ్మ చెప్పింది" అని మొదలుపెట్టింది.