4294967297 ప్రధాన సంఖ్య కాదని కాగితం మీదే తేల్చొచ్చు

ఒంగోలులో ఇంటర్ చదువుతున్నానని చెప్పి, 4294967297 ప్రధాన సంఖ్యా కాదా, కంప్యూటర్ లేకుండా ఎలా తేల్చాలి అని అడిగావు తమ్ముడూ. కాదు. అది 641 × 6700417.

నేను కావలిలో ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తాను. ఈ సంఖ్యను బోర్డు మీద రాస్తే అందరూ 3తో, 7తో, 11తో భాగించడం మొదలుపెడతారు. ఆ దారిన పోతే వర్గమూలం దాకా, అంటే 65536 దాకా వెళ్ళాలి. ఆ లోపు 6542 ప్రధాన సంఖ్యలున్నాయి!

ముందు సంఖ్య ఎలా పుట్టిందో చూడు. 2 పవర్ 1, 2, 4, 8, 16లకు ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసంతా అంతేనని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. తర్వాతిదే నీ సంఖ్య, 2 పవర్ 32 ప్లస్ 1. దాన్ని 641 భాగిస్తుందని 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ చూపించాడు. దీన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే 1 మిగలాలనీ ఆయనే నిరూపించాడు. తర్వాత ఫ్రెంచ్ గణితవేత్త లూకా ఆ 64ను 128 చేశాడు, అంటే 128తో భాగించినా 1 మిగలాలి.

ఇక వెతకడం ఎంత సులువో చూడు. 128తో భాగిస్తే 1 మిగిలేవి ఇవీ: 129, 257, 385, 513, 641. వీటిలో 129, 513లను 3 భాగిస్తుంది, 385ను 5 భాగిస్తుంది. 2 పవర్ 8 అంటే 256, 257 కన్నా ఒకటి తక్కువ, అందుకే 257తో దాని శేషాన్ని −1 అనుకోవచ్చు, కాబట్టి 2 పవర్ 32కి శేషం 1, మన సంఖ్యకు 2. అదీ పోయింది. మిగిలింది 641.

641తో కూడా పెద్ద భాగహారం అక్కర్లేదు. 128 అంటే 2 పవర్ 7. 5 × 128 = 640, శేషం −1. దాన్ని నాలుగో ఘాతానికి తీసుకెళ్తే, 5 పవర్ 4 ఇంటూ 2 పవర్ 28కి శేషం 1. కానీ 5 పవర్ 4 అంటే 625, అది 641 కన్నా 16 తక్కువ, అంటే −(2 పవర్ 4)తో సమానం. రెండూ కలిపితే −(2 పవర్ 32)కి శేషం 1. అంటే 2 పవర్ 32కి శేషం −1, దానికి 1 కలిపితే సున్నా. ఇంత అందమైన లెక్క నాకు ఇంకోటి తెలీదు. పదో తరగతిలో వాస్తవ సంఖ్యల పాఠం అయ్యాక ఈఏపీసెట్ (పాత ఎంసెట్) టెన్షన్‌లో పిల్లలు ఇటువైపు చూడకపోవడం నాకు నిజంగా బాధ.

"మరి 6700417 సంగతేంటి సార్?" అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. అదీ ఆ పెద్ద సంఖ్యలో భాగమే కాబట్టి దాని కారణాంకాలకూ 128 షరతే. వర్గమూలం 2588 చిల్లర. ఆ లోపు 257 కాక ఈ షరతుకు నిలిచే ప్రధాన సంఖ్యలు 641, 769, 1153, 1409 మాత్రమే. నాలుగు భాగహారాలు చేసి చూడు. శేషాలు వరుసగా 44, 120, 334, 622 రావాలి. అంటే 6700417 ప్రధాన సంఖ్యే.