ల్యాప్‌లు పెరిగితే పెడల్ ఎందుకు మెత్తబడుతుంది?

ప్రశ్న: ట్రాక్ డేలో (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) నాలుగైదు ల్యాప్‌లు తిరిగేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతోంది. ప్యాడ్లు కొత్తవే. లోపం ఎక్కడ?

జవాబు: చాలావరకు పాత బ్రేక్ ఫ్లూయిడ్‌లోనే. పెడల్ ఒత్తిడిని చక్రాల బ్రేకులకు చేరవేసే ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే ఫ్లూయిడ్ ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం) వేడికి ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ నొక్కితే నలిగేది ఆ బుడగలే. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే మాత్రం ప్యాడ్లను అనుమానించండి.

ట్రాక్‌కు వెళ్లేముందు ఫ్లూయిడ్ మొత్తం మార్చండి. సీల్ తెరిచి అట్టేపెట్టిన డబ్బా వద్దు. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని డాట్ 4తో కలపకూడదు. బ్లీడ్ చేసేటప్పుడు, అంటే పాత ఫ్లూయిడ్‌ను, గాలిని బయటికి తీసేటప్పుడు, పెడల్ నొక్కి పట్టాకే నిపుల్ (కాలిపర్ మీది చిన్న స్క్రూ) వదులు చేయాలి, నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. ఈ వరుస తప్పితే గాలి లోపలికి పోతుంది. రిజర్వాయర్ (ఫ్లూయిడ్ పోసే డబ్బా) ఖాళీ కానివ్వకండి.

చివరి ల్యాప్ బ్రేకులు చల్లబడేలా నెమ్మదిగా, బ్రేక్ దాదాపు వాడకుండా తిరగండి. పిట్స్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోట) హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేర్‌లో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టండి. పెడల్ మెత్తబడిందని తెలిశాక ఇంకో ల్యాప్ వద్దు, దయచేసి. మలుపు దగ్గర జెండాతో నిలబడ్డ మార్షల్ ప్రాణం కూడా ఆ పెడల్ మీదే ఉంది.