గీజర్ వాల్వ్ కారుతోంది, మూసేయాలా?

ప్రశ్న: మాది బెంగళూరు మారతహళ్లిలో అపార్ట్‌మెంట్. కొత్త గీజర్ వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయి. ప్లంబర్ మూత బిగిస్తానంటున్నాడు. సరేననమంటారా?

జవాబు: వద్దమ్మా, అస్సలు ఒప్పుకోకండి. వేడికి నీళ్లు వ్యాకోచిస్తాయి, ఆ పెరిగిన ఒత్తిడే చుక్కలుగా బయటికొస్తుంది. ఆ దారి మూసేస్తే ట్యాంకే పగలొచ్చు. నేనైతే వాల్వ్‌ను చన్నీళ్ల ఇన్‌లెట్‌కి టెఫ్లాన్ టేపు చుట్టి, బాణం గుర్తు గీజర్ వైపు ఉండేలా బిగిస్తాను. వాల్వ్‌కీ గీజర్‌కీ మధ్య కుళాయి పెట్టనివ్వను. కారే నీటికి సన్న గొట్టం తగిలించి కిందికి వదలండి, దాని కొస తెరిచే ఉండాలి. 8 బార్ (ఒత్తిడి కొలత) వరకు తట్టుకునే గీజర్‌కి అంతకు మించిన ఒత్తిడికి తెరుచుకునే వాల్వ్ పనికిరాదు. స్విచ్ ఆపి, నీళ్లు చల్లారాక కూడా కారుతుంటే ప్రెజర్ పంపు ఒత్తిడి ఎక్కువై ఉండొచ్చు. లేదా వాల్వ్ లోపల తెల్లగా సున్నం పేరుకుని ఉంటుంది, బోరు నీళ్లతో ఇది మామూలే. సున్నం పట్టి ఉంటే వాల్వే మార్పించండి.