ఆస్ట్రేలియాకి వెళ్ళిన బ్రిటిష్ వాళ్ళు "మేం ఆస్ట్రేలియన్లం" అని ఎప్పుడు అనుకున్నారు?

ప్రశ్న ఇది: అమెరికా వాళ్ళలాగా యుద్ధం చేసి విడిపోలేదు, మనలాగా స్వాతంత్ర్యోద్యమమూ నడపలేదు, మరి ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ బ్రిటిష్ వాళ్ళకి "మాది వేరే దేశం" అనే భావన ఎప్పుడు, ఎలా వచ్చింది?

నేను 2013 నుంచి మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. సివిల్ ఇంజనీర్‌ని, చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. కానీ పౌరసత్వ పరీక్షకి ప్రభుత్వం ఇచ్చే పుస్తకం చదువుతున్నప్పుడు నాకూ సరిగ్గా ఇదే సందేహం వచ్చింది. అందులో 1788, 1901, 1915 అని తేదీలున్నాయి గానీ, వీళ్ళు ఫలానా రోజు నుంచి బ్రిటిష్ వాళ్ళు కాకుండా పోయారు అని ఎక్కడా లేదు. పక్కింటి పెద్దావిడని అడిగాను. ఆవిడ 1944లో ఇక్కడే పుట్టారు, వాళ్ళ అమ్మ బల్లారట్‌లో పుట్టింది. ఆవిడ కాసేపు ఆలోచించి, "మా అమ్మ జీవితంలో ఒక్కసారి కూడా ఇంగ్లండు చూడలేదు, కానీ చనిపోయేదాకా ఇంగ్లండుని 'హోమ్' అనే అంది" అన్నారు. ఎవరైనా ఓడెక్కి లండన్ వెళ్తే "హోమ్‌కి వెళ్తున్నారు" అనేదట. డిసెంబరులో ఇక్కడ నిప్పులు చెరిగే ఎండ, ఆ ఎండలో పొయ్యి దగ్గర నిలబడి చెమటలు కక్కుతూ గంటల తరబడి క్రిస్మస్ పుడ్డింగ్ ఉడికించేదట, గోడ మీదేమో మంచు కురుస్తున్న ఊళ్ళ బొమ్మలున్న గ్రీటింగ్ కార్డులు వరసగా తగిలించి ఉండేవట.

నాకు వెంటనే మా ఇల్లు గుర్తొచ్చింది. మేం ఇప్పటికీ విజయవాడ టికెట్లు కొన్న రోజు "ఇంటికి వెళ్తున్నాం" అనే అంటాం, మా అమ్మాయి మాత్రం అక్కడ నాలుగు వారాలు గడిచేసరికి "ఇంటికి ఎప్పుడు వెళ్తాం నాన్నా" అని అడుగుతుంది. ఇల్లు అనే మాట ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారడానికి మాకు ఒక్క తరం పట్టింది, వీళ్ళకి నూటయాభై ఏళ్ళు దాటింది. ఇక చరిత్రలోంచి నేను తెలుసుకున్నది చెప్తాను.

మొదట్లో వేరే దేశం అనే ఆలోచనకి చోటే లేదు. 1788 జనవరిలో 11 ఓడల్లో ఖైదీలనీ సైనికులనీ తెచ్చి సిడ్నీలో దింపారు, 1868 దాకా మొత్తం లక్షా అరవై వేలకి పైగా ఖైదీలు వచ్చారు. వాళ్ళకి ఇక్కడ పుట్టిన పిల్లలతోనే మొదటి తేడా కనిపిస్తుంది. 1820ల నాటికి సిడ్నీలో బ్రిటన్‌లో పుట్టినవాళ్ళని "స్టెర్లింగ్" అనీ, ఇక్కడ పుట్టినవాళ్ళని "కరెన్సీ" అనీ పిలిచేవారు. స్టెర్లింగ్ అంటే అసలు పౌండు, కరెన్సీ అంటే దానికన్నా తక్కువ విలువకి ఇక్కడ చెలామణీ అయ్యే డబ్బు. చిన్నచూపుతో పెట్టిన పేరే అది, అయినా ఇక్కడి కుర్రాళ్ళు దాన్నే గర్వంగా చెప్పుకున్నారు. ఎగతాళి పేరుని ఎదుటివాడి నోట్లోంచి లాక్కుని సొంతం చేసుకోవడం, నా దృష్టిలో అసలు మొదలు అదే.

తర్వాత 1851లో విక్టోరియాలో బంగారం దొరికింది. పదేళ్ళలో మొత్తం ఆస్ట్రేలియా జనాభా దాదాపు నాలుగు లక్షల ముప్ఫై వేల నుంచి పదకొండు లక్షలు దాటింది. బంగారం తవ్వేవాళ్ళ దగ్గర, బంగారం దొరికినా దొరక్కపోయినా, నెలకి 30 షిల్లింగుల లైసెన్సు ఫీజు ముక్కుపిండి వసూలు చేసేవారు. వాళ్ళకి ఓటు లేదు. 1854 డిసెంబరు 3 తెల్లవారుజామున బల్లారట్‌లో యురేకా అనే చోట, దీనికి ఎదురుతిరిగిన తవ్వకందారుల మీద సైన్యం విరుచుకుపడింది, ఇరవై మందికి పైగా చనిపోయారు. అక్కడ ఎగరేసిన జెండాలో బ్రిటిష్ గుర్తు లేదు, దక్షిణార్ధగోళం ఆకాశంలో కనిపించే సదరన్ క్రాస్ నక్షత్రాలున్నాయి. ఆ జెండా ముక్క ఇప్పటికీ బల్లారట్‌లో ఉంది. నేను వెళ్ళి చూశాను, చీకటి గదిలో గాజు వెనక పెట్టారు, వెలిసిపోయిన నీలం ఉన్ని గుడ్డ, ఆనవాళ్ళ కోసం జనం కత్తిరించుకుపోగా ఒక వైపు పెద్ద భాగమే లేదు. కానీ ఒకటి గమనించాలి, ఆ జెండా కింద వాళ్ళు అడిగినవి కొత్త దేశానికి సంబంధించినవి కావు. ఓటు, న్యాయమైన పన్ను, అంటే బ్రిటిష్ పౌరుడికి ఉండాల్సినవి మాకెందుకు లేవు అన్నదే వాళ్ళ గొడవ. వాళ్ళ నాయకుడు ఐర్లండు నుంచి వచ్చిన పీటర్ లేలర్, ఆ కాల్పుల్లో చెయ్యి పోగొట్టుకున్నాడు, తర్వాత అదే విక్టోరియా శాసనసభకి ఎన్నికయ్యాడు.

మనకి బాగా అర్థమయ్యే విషయం క్రికెట్. 1877 మార్చిలో మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో మొదటి టెస్ట్ మ్యాచ్ జరిగింది, ఆస్ట్రేలియా 45 పరుగుల తేడాతో గెలిచింది. అప్పటికి ఆస్ట్రేలియా అనే దేశమే లేదు! ఉన్నవి ఆరు వేర్వేరు వలస రాజ్యాలు, ఒకదాని సరుకు మీద ఇంకొకటి సుంకం వేసుకునేవి, రైలు గేజి కూడా తలోరకం. తర్వాత రెండు వైపుల పట్టాలూ కలిశాక కూడా సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ రావాలంటే సరిహద్దులోని ఆల్బరీ దగ్గర దిగి సామాన్లతో ఇంకో రైలెక్కాలి, ఈ అవస్థ 1962లో కానీ తీరలేదు. అలాంటిది విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ కుర్రాళ్ళు ఒక జట్టుగా ఇంగ్లండుని ఓడిస్తే జనం తమని తాము ఆస్ట్రేలియా అనుకున్నారు, దేశం పుట్టడానికి 24 ఏళ్ళ ముందే. ఆ మ్యాచ్‌లో 165 పరుగులు చేసిన చార్లెస్ బ్యానర్‌మన్ పుట్టింది ఎక్కడో తెలుసా, ఇంగ్లండులో, కెంట్‌లో. సొంత ఊరి వాళ్ళనే ఓడించి ఆస్ట్రేలియా హీరో అయ్యాడు.

ఈ కథలో చీకటి భాగం కూడా చెప్పి తీరాలి. 1871లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ నేటివ్స్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టారు, ఆరు రాజ్యాలూ ఒకటవ్వాలని గట్టిగా ప్రచారం చేసింది వీళ్ళే. ఆ నేటివ్స్ ఎవరనుకున్నారు, ఇక్కడ పుట్టిన తెల్లవాళ్ళు! వేల తరాలుగా ఈ నేల మీద బతుకుతున్న అబోరిజినల్ ప్రజల నేలని లాక్కున్నట్టే, స్థానికులు అనే మాటని కూడా వాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నారు. 1901 జనవరి 1న దేశం ఏర్పడింది, ఆ రాజ్యాంగంలో అబోరిజినల్ ప్రజలని జనాభా లెక్కలో కలపకూడదని రాసుకున్నారు, 1967 రెఫరెండంలో 90 శాతానికి పైగా ఓటేసి ఆ మాట తీసేసేదాకా అది అలాగే ఉంది. కొత్త పార్లమెంటు మొదటి ఏడాదే చేసిన చట్టాల్లో ఒకటి ఇమిగ్రేషన్ రిస్ట్రిక్షన్ యాక్ట్. ఓడ దిగినవాణ్ణి ఏదో ఒక యూరప్ భాషలో 50 పదాల డిక్టేషన్ రాయమనేవారు, ఏ భాష అన్నది అధికారి ఇష్టం. ఇంగ్లీషు బాగా వచ్చినా వేరే భాషలో పెట్టి ఫెయిల్ చేసే వీలుండేది. ఆ పరీక్ష 1958 దాకా ఉంది, ఆ కాలంలో అయితే నాలాంటివాడు రేవులోంచే వెనక్కి వెళ్ళేవాడు. మేం ఎవరం అనేది తేలకముందే మాలో ఎవరు ఉండకూడదు అనేది తేల్చుకున్నారు. వాళ్ళ ఆస్ట్రేలియా అంటే దూరంగా ఉన్న, ఎండ ఎక్కువగా ఉన్న ఒక మెరుగైన బ్రిటన్. అందుకే అందులో వాళ్ళకి వైరుధ్యం కనిపించలేదు, రెండూ మేమే అనుకున్నారు.

1915 ఏప్రిల్ 25న, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆస్ట్రేలియా సైనికులు టర్కీలోని గలిపొలి తీరంలో దిగి పోరాడారు. దేశం నిజంగా పుట్టింది ఆ రోజే అని అందరూ చెప్తారు. పక్కింటావిడతో కలిసి ఒక ఏడాది ఏప్రిల్ 25న తెల్లవారుజామున ఇక్కడి యుద్ధ స్మారకం దగ్గరికి వెళ్ళాను, అంత చలిలో, చీకట్లో అన్ని వేలమంది చప్పుడు లేకుండా నిలబడి ఉంటే బ్యూగిల్ ఒక్కటే వినిపించింది, నాకు గొంతు పట్టేసింది. ఆ యుద్ధం మొత్తంలో, యాభై లక్షలు కూడా లేని జనాభాలోంచి నాలుగు లక్షలమందికి పైగా సైన్యంలో చేరితే అరవై వేలమంది తిరిగి రాలేదు. ఆ బాధని తక్కువ చెయ్యను. కానీ వాళ్ళు వెళ్ళింది బ్రిటన్ కోసం. "చివరి మనిషి దాకా, చివరి షిల్లింగు దాకా" అని మాటిచ్చి, ఆ వెంటనే ప్రధాని అయిన ఆండ్రూ ఫిషర్ స్కాట్లండులో పుట్టినవాడు. గాయపడ్డవాళ్ళని గాడిద మీద మోసి ఇక్కడి స్కూలు పిల్లలందరికీ తెలిసిన సింప్సన్ కూడా ఇంగ్లండు కుర్రాడే, ఓడలోంచి పారిపోయి ఇక్కడ దిగినవాడు. మరోపక్క సైన్యంలోకి బలవంతంగా తీసుకుంటామంటే 1916లో, 1917లో రెండుసార్లు జనం ఓటేసి వద్దన్నారు. బ్రిటన్ మీద ప్రేమ ఉంది, కానీ మా పిల్లలని పంపాలా వద్దా అన్నది మేం తేల్చుకుంటాం అన్నారు. గలిపొలి కంటే ఆ రెండు ఓట్లలోనే నాకు వేరు దేశం ఎక్కువ కనిపిస్తుంది.

1939లో జర్మనీ మీద బ్రిటన్ యుద్ధం ప్రకటించింది కాబట్టి మనమూ యుద్ధంలో ఉన్నట్టే అని ప్రధాని మెన్జీస్ రేడియోలో చెప్పేశాడు. 1942 ఫిబ్రవరి 15న బ్రిటన్ సైనిక స్థావరమైన సింగపూర్ పడిపోయింది, పదిహేను వేలమంది దాకా ఆస్ట్రేలియన్ సైనికులు జపాన్ చేతికి చిక్కారు, అందులో పక్కింటావిడ మేనమామ ఒకరు. నాలుగు రోజులకే డార్విన్ మీద బాంబులు పడ్డాయి. కాపాడుతుందనుకున్న బ్రిటన్ చేతులెత్తేసింది, అప్పటి ప్రధాని కర్టిన్ అంతకు కొన్ని వారాల ముందే ఇక మేం అమెరికా వైపు చూస్తున్నాం అని పత్రికలో రాశాడు. బ్రిటన్ 1931లోనే చట్టం చేసి ఇస్తానన్న పూర్తి శాసనాధికారాన్ని ఆస్ట్రేలియా పార్లమెంటు 1942 దాకా ఆమోదించనే లేదు. ఇంట్లోంచి వెళ్ళొచ్చు అని తలుపు తీసి పెట్టినా పదకొండేళ్ళు గడప దాటలేదన్నమాట.

అయినా ప్రేమ చావలేదు. 1954లో ఎలిజబెత్ రాణి వచ్చినప్పుడు పక్కింటావిడకి పదేళ్ళు, స్కూల్లో ఇచ్చిన చిన్న కాగితం జెండా పట్టుకుని గంటల తరబడి ఎండలో నిలబడ్డారట, కారు రెండు సెకన్లలో దాటిపోయిందట, ఆ జెండా ఇప్పటికీ బిస్కట్ డబ్బాలో దాచుకున్నారు, నాకు చూపించారు. అదే జనం 1963లో కొత్త నాణేనికి "రాయల్" అని పేరు పెడతామంటే గోల చేసి "డాలర్" తెచ్చుకున్నారు.

చివరికి తాడు తెగింది ఇంగ్లండు చివరి నుంచే అని నా అభిప్రాయం. 1973 జనవరి 1న బ్రిటన్ యూరప్ కూటమిలో చేరింది. అప్పటిదాకా ఇక్కడి వెన్న, ఆపిల్ పళ్ళు కొన్న మార్కెట్ చేజారింది, టాస్మేనియాలో ఆపిల్ తోటలు నరుక్కున్నారు. పక్కింటావిడ ఆ తర్వాత రెండు మూడేళ్ళకి మొదటిసారి ఇంగ్లండు వెళ్ళారు. విమానం దిగాక ఫ్రెంచి వాళ్ళు, జర్మన్లు ఒక వరసలో చకచకా వెళ్ళిపోతుంటే ఆవిడ "ఇతరులు" అని రాసి ఉన్న పొడుగు వరసలో నిలబడ్డారట. "మా మామయ్య యుద్ధంలో ఎవరి కోసం పోరాడాడు మరి" అన్నారు నాతో, నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ మాటలో బాధ తగ్గలేదు. తిరిగొచ్చాక వాళ్ళమ్మ "హోమ్ ఎలా ఉంది" అని అడిగితే, "అది హోమ్ కాదమ్మా" అన్నారట.

మిగతావి కాగితం పనులు. జాతీయగీతం 1984లో మారింది, బ్రిటన్ కోర్టుకి అప్పీలు వెళ్ళే దారి 1986లో పూర్తిగా మూసుకుంది, 1999లో దేశాధినేతగా రాణి వద్దా అని ఓటు పెట్టి అడిగితే దాదాపు 55 శాతం ఉండనివ్వండి అన్నారు. దేశం జెండా మూలన బ్రిటన్ జెండా యూనియన్ జాక్ అలాగే ఉంది.

2019లో మా పౌరసత్వ ప్రమాణానికి ఆవిడ కూడా వచ్చారు. హాల్లో గోడ మీద రాణి ఫోటో ఉంది, ప్రమాణంలో మాత్రం రాణి పేరు లేదు, 1994లో తీసేశారు, "ఆస్ట్రేలియాకీ ఇక్కడి ప్రజలకీ" విధేయుణ్ణని అనాలి. అయిపోయాక మాకు వాటిల్ అనే ఇక్కడి చెట్టు మొక్క తలో చిన్నది ఇచ్చారు. ఆవిడ నా భార్య చేతిలోని మొక్కని పట్టుకుని, "నన్నెవరూ ఎప్పుడూ ఈ ప్రమాణం మాటలు అనమనలేదు" అన్నారు. నిజమే, ఆవిడ పుట్టినప్పుడు ఆస్ట్రేలియన్ పౌరసత్వం అనేదే లేదు, బ్రిటిష్ ప్రజగా పుట్టారు, 1949 జనవరి 26న చట్టం అమల్లోకి వచ్చేసరికి ఆవిడకి నాలుగేళ్ళు, ఆ రోజు అందరితోపాటు ఆవిడా పౌరురాలైపోయారు. ఇంతలో స్టేజి మీద నుంచి, ఇప్పటికే పౌరులైనవాళ్ళు కూడా ఇష్టమైతే లేచి ఆ మాటలు పలకొచ్చు అన్నారు. ఆవిడ మొక్క నా చేతిలో పెట్టి, కుర్చీ పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డారు.